మొదటి అంగుళం లేని టేపు

శుక్రవారానికి ఇంక మూడు రోజులే ఉన్నాయి. బావగారు ఫోన్ చేసి, "శుక్రవారం వస్తున్నా, పిల్ల బట్టలు సర్ది ఉంచండి, హాస్టల్లో చేర్చేస్తా" అని ఒక్క ముక్కలో తేల్చేశారని పోయినవారం చెప్పాను కదా. అప్పట్నుంచి నాకు తిన్నది తిన్నట్టు లేదు, కూర్చున్నది కూర్చున్నట్టు లేదు. పిల్లంటే బావగారి కూతురు, మా గుండీ. ఐదేళ్ళది. కళ్ళు కోటుకి కుట్టే పెద్ద గుండీల్లా ఉంటాయని వాళ్ళ నానమ్మ పెట్టిన పేరు. అసలు పేరు బడి రిజిస్టరులో తప్ప ఎక్కడా వినబడదు. రెండేళ్ళ కిందట వాళ్ళమ్మ, అంటే నా తోటికోడలు, పిల్లని వదిలేసి ఇల్లు దాటి వెళ్ళిపోయిందట. 'అట' అని ఎందుకంటున్నానంటే అప్పటికి నేను ఈ ఇంటికి రాలేదు. నేనొచ్చి ఎనిమిది నెలలు. ఈ ఎనిమిది నెలల్లో ఆవిడ గురించి మా అత్తయ్య నోట నేను విన్నవన్నీ తిట్లే. "కన్నపిల్లకి ఒక్క కుట్టు కూడా కుట్టి ఎరగదు, మహాతల్లి!" అన్నది అందులో రోజూ వినే తిట్టు.

ఆ మంగళవారం మధ్యాహ్నం నా కాలు ఒకచోట నిలవలేదు. గుండీ గౌన్లు మడతపెట్టి పెట్టెలో పెట్టాను. మళ్ళీ తీసి బీరువాలో పెట్టాను. సాక్సుల్లో ఒకటి కనబడకపోతే, అది దొరక్కపోతే ప్రయాణం ఆగిపోతుందేమో అన్న ఆశతో వెతక్కుండా వదిలేశాను. మా ఆయనకి ఫోన్ చేస్తే క్యాంపులో ఉన్నానన్నాడు. ఆయనెప్పుడూ క్యాంపులోనే ఉంటాడు. చివరికి ముందుగదిలోకి వచ్చి కిటికీకీ గుమ్మానికీ మధ్య తిరగడం మొదలుపెట్టాను.

ఆ ముందుగదే అత్తయ్య కుట్టు దుకాణం. మూడు మిషన్లు, ఒక పొడుగాటి బల్ల, గోడ మేకులకి వేలాడే అట్ట నమూనాలు. పొద్దున్నపూట కొత్తగా నేర్చుకునేవాళ్ళు వస్తారు, భోజనాల వేళకి వెళ్ళిపోతారు. బల్లకింద గుండీ తన బొంత కప్పుకుని నిద్రపోతోంది. ఆ బొంత లేకపోతే దానికి కన్ను మూతపడదు. గడపదాకా కూడా ఈడ్చుకుంటూనే వస్తుంది.

"అమ్మాయ్, ఆ గిరగిరలు ఆపు. నాకు కళ్ళు తిరుగుతున్నాయి," అంది అత్తయ్య మిషన్ తొక్కుతూనే. "ఇలా వచ్చి కూచో. బొంత గడి ఒకటి కుట్టు."

"నాకు ఊడిన గుండీ కుట్టుకోవడమే సరిగ్గా రాదు అత్తయ్యా."

"అందుకే నేర్చుకో. తొమ్మిది ముక్కలు కలిపితే ఒక గడి, గడులన్నీ కలిపితే బొంత. అంతకంటే సులువైంది ఈ దుకాణంలో లేదు. ముదురు రంగువి ఐదు, లేత రంగువి నాలుగు. ఒక్కోటీ నలుపక్కలా నాలుగంగుళాలు. కొలిచి కొయ్యి."

అని మెడలో టేపు తీసి నామీదికి విసిరింది. స్నానానికి వెళ్ళేటప్పుడు తప్ప ఆ మెడలోంచి దిగని టేపు. నాకు అప్పుడే అనుమానం రావలసింది.

గుడ్డల బుట్టలోంచి ముదురు ఎరుపూ, తెలుపు మీద సన్నచుక్కలదీ ఏరుకున్నాను. టేపు కొస అంచుకి పెట్టి, నాలుగు దగ్గర సుద్దతో గీత గీసి కోశాను. తొమ్మిది ముక్కలూ ఒకేలా వచ్చాయి. వాటిని బల్లమీద పేర్చాను. మూలల్లో నాలుగు ఎరుపు, నడుమ ఒకటి, మధ్యమధ్యలో చుక్కలు.

"ఇప్పుడు ముఖాలు ఎదురెదురుగా పెట్టి రెండేసి కలుపు. అంచునుంచి పావంగుళం వదిలి కుట్టు వెయ్యి. ఎక్కువ వద్దు, తక్కువ వద్దు. సూదిని చూడకు, గుడ్డ అంచుని చూడు. ఏమిటా తొక్కుడు, నిన్నెవరైనా తరుముతున్నారా?"

తరుముతూనే ఉన్నారు. శుక్రవారం తరుముతోంది. మొదటి వరస కుట్టేలోగా దారం రెండుసార్లు తెగింది. రెండో వరసలో ఒక ముక్క తిరగేసి కుట్టి, విప్పి, మళ్ళీ కుట్టాను. అత్తయ్య విసుక్కోలేదు. కొత్తవాళ్ళకి నేర్పేటప్పుడు మాత్రం ఆవిడ ఇంకో మనిషి.

"కుట్టు మడత ముదురు రంగువైపు వంచి ఇస్త్రీ చెయ్యి. లేతరంగు కిందకి వెళ్తే పైకి మచ్చలా కనబడుతుంది. ఆ, ఇప్పుడు వరసలు కలుపు. చూశావా, పై వరస మడతలు అటు, కింద వరస మడతలు ఇటు. వేలితో తడుము, ఒకదానికొకటి ఆనుకుంటాయి. ఆనిన చోట గుండుసూది పెట్టు, ఇంక కదలవు."

నిజంగానే కదల్లేదు. గంటన్నరకి గడి పూర్తయింది. మూలలన్నీ మూలల్లోనే ఉన్నాయి. ఎనిమిది నెలల్లో ఈ ఇంట్లో నేను పూర్తిచేసిన మొదటి పని ఇదేనేమో అనిపించి, శుక్రవారం సంగతి కూడా ఒక్క నిమిషం మర్చిపోయాను. గర్వంగా తీసుకెళ్ళి అత్తయ్య ముందు పరిచాను. ఆవిడ గోడమీంచి అట్ట నమూనా తీసి, నా గడిని దానిమీద పెట్టింది.

అట్ట పదకొండంగుళాలు. నా గడి ఎనిమిది.

"మూడంగుళాలు ఎటుపోయాయి?" అన్నాను.

అత్తయ్య నవ్వింది. పళ్ళు కనబడేలా నవ్వడం చాలా రోజుల తర్వాత చూశాను. "టేపు మొదలు చూడు."

చూశాను. టేపు ఒకటో అంకె దగ్గర మొదలవుతోంది. అంతకుముందు ఉండాల్సిన అంగుళం లేదు. ఆ కొసని తెల్లదారంతో చుట్టి కుట్టేశారు.

"మీ బావ ఏడేళ్ళప్పుడు దీనిమీద ఇస్త్రీపెట్టె పెట్టేశాడు. అంగుళం కాలిపోయింది. కొత్తది కొన్నాగానీ నా చేతికి అలవాటు కాలేదు. దీనిమీద నాలుగు కావాలంటే ఐదు చదవాలి. నువ్వు నాలుగని కోసినవన్నీ మూడే."

"ముందే చెప్పొచ్చుగా!"

"చెప్తే మర్చిపోతారు. ఒకసారి తప్పు కోస్తే చచ్చేదాకా గుర్తుంటుంది. ఈ బల్లదగ్గర కూచున్న ఎవరికైనా మొదటి గడి ఎనిమిదంగుళాలే. ముఖం అలా పెట్టకు, పాడైపోలేదు. చుట్టూ రెండంగుళాల పట్టీ వేస్తే పదకొండుకి వస్తుంది."

ఆవిడ మళ్ళీ మిషన్ వైపు తిరిగింది. నా చూపు బల్లకింద పడింది. గుండీ బొంత మూల ఒకటి బయటికి వచ్చి ఉంది. ఆ మూల గడికి చుట్టూ ఎర్రపట్టీ ఉంది. బొంతలో ఇంకే గడికీ పట్టీ లేదు. ఇన్నాళ్ళూ అందం కోసం అనుకున్నాను.

కింద కూర్చుని, పిల్ల లేవకుండా, ఆ మూలని ఒళ్ళోకి తీసుకున్నాను. పట్టీ లోపల కొలిచాను. టేపు ఎనిమిదిన్నర అంది. ఒకటి తీసేస్తే ఏడున్నర. కుట్లలోకి పోయిన రెండు పావులూ కలిపితే ఎనిమిది.

"అత్తయ్యా," అన్నాను మెల్లగా. "ఈ బొంత ఎవరు కుట్టారు?"

"నేనే. ఎన్నిసార్లు చెప్పాలి?"

"మీ టేపుతో మీరే తప్పు కోశారా?"

మిషన్ ఆగింది.

"ఎవరో నేర్చుకునే పిల్ల కుట్టి పారేసిన గడి. గుడ్డ వృథా ఎందుకని మూలన కలిపేశా," అంది, తల తిప్పకుండా. జవాబు బాగానే ఉంది. ఇంకోరోజైతే నమ్మి ఊరుకునేదాన్నే. కానీ ఆరోజు నాకు నమ్మే ఓపిక లేదు. బొంతని ఇంకొంచెం బయటికి లాగాను. వరసకి నాలుగు గడుల చొప్పున పై రెండు వరసల్లో మిషన్ కుట్టు. మూడోవరస నుంచి గడి లోపలి కుట్లన్నీ చేతికుట్లు. చిన్నవి, దగ్గరదగ్గరగా, కొంచెం పక్కకి ఒరిగినవి. చేతికుట్టంటే అత్తయ్యకి ఒళ్ళుమంట. చొక్కా మడత కూడా మిషన్ మీదే వేస్తుంది.

చివరి వరసలో మూడే గడులున్నాయి. మూడోదాన్లో పసుపు మీద నీలం గొడుగుల గుడ్డ.

ఆ గొడుగులు నాకు తెలుసు. అది మా పుట్టింటినుంచి నేను తెచ్చుకున్న దుప్పటి. మంచం మేకుకి తగులుకుని చిరిగితే, పోయిన నెల నా చేత్తోనే గుడ్డల బుట్టలో వేశాను.

"అత్తయ్యా, ఈ గొడుగులు నావి. పోయిన నెల బుట్టలో వేశాను. చేతికుట్టు మీరు కుట్టరు. నాకు ఇవాళే గడి కుట్టడం వచ్చింది. ఇది కుట్టిందెవరు?"

అత్తయ్య లేచింది. వీధితలుపు దగ్గరికి వెళ్ళి గడియ వేసింది. గోడగడియారం వైపు చూసింది. మూడుంపావు. వచ్చి నా ఎదురుగా నేలమీద కూలబడింది. ఎప్పుడూ స్టూలు మీద తప్ప కూర్చోని మనిషి.

"అదే," అంది.

"అక్కా? గుండీ వాళ్ళమ్మా?"

"అదే. ఒళ్ళో పిల్లనేసుకుని ఈ బల్లదగ్గరే నేర్చుకుంది. ఆ ఎర్రపట్టీ గడి దాని మొదటిది. పిల్ల పెరిగేకొద్దీ వరస పెంచుతూ పోతానంది. పెంచుతూనే ఉంది." గొంతు బాగా తగ్గించింది. "మంగళవారం మంగళవారం నేను గుండీలకి వెళ్తానుగా."

వెళ్తుంది. ప్రతి మంగళవారం నాలుగింటికి. మా దుకాణంలో ఉన్న గుండీలతో ఊరందరి చొక్కాలూ రెండేసిసార్లు బిగించొచ్చని నేనూ మా ఆయనా నవ్వుకునేవాళ్ళం.

"గుండీల కొట్టుకి ఎదురుగా బస్సుల షెడ్డు. చివరి బెంచీ మీద నీలం సంచీ పెట్టుకుని కూచుంటుంది. పిల్ల విడిచిన గౌను ముక్కలూ, ఇంట్లో గుడ్డలూ నేనిస్తా. గడి పూర్తయినప్పుడు అది తెచ్చిస్తుంది. పిల్ల ఏం తింది, ఎన్నిసార్లు దగ్గింది, పన్ను ఊడిందా, అన్నీ అడుగుతుంది. నాలుగున్నరకి దాని బస్సు."

"మరి పిల్లని వదిలేసి పోయిందన్నారు!"

"పోలేదు. నేనే పంపేశా."

ఆ మాట అనేసి గుండీ పాదాలమీదికి బొంత సర్దింది. "వాడు నా కడుపున పుట్టినవాడు. పెళ్ళాం మణికట్టు విరిచాడు. తలుపు సందులో నలిగిందని అది చెప్పింది. నేనూ అందరికీ అదే చెప్పా. కట్టు విప్పిన వారానికే మళ్ళీ చెయ్యెత్తాడు. మర్నాడు పొద్దున పిల్లని చంకనేసుకుని బయటికెళ్ళాడు. పిల్ల వాడిదగ్గరుంటే అది కదలదని వాడి ధీమా. నేను తలుపు తీసి పో అన్నా. పిల్లనొదిలి ఎలా పోను అత్తయ్యా అంది. పిల్లకి నేనున్నా, ముందు నువ్వు బతుకు అన్నా."

"మరి ఆ తిట్లు?"

"నేను తిడుతుంటే వాడు నన్ను అనుమానించడు. నేనెంత గట్టిగా తిడితే అది అంత క్షేమం. రెండేళ్ళుగా తిట్టీ తిట్టీ నాకు నోరు చేదెక్కిపోయిందే."

నాకు ఏడుపొచ్చింది. దానికంటే ముందు కోపమొచ్చింది. "అయితే ఇంకా చూస్తున్నారేం? శుక్రవారం వచ్చి తీసుకుపోతారు. హాస్టల్లో పడేస్తే అక్కకి పిల్ల కబురు కూడా అందదు. ఇవాళే పిల్లని ఆవిడ చేతిలో పెట్టేయండి!"

"పెట్టేశాక? శుక్రవారం వచ్చేసరికి వాడికి తెలుస్తుంది. అడిగితే వాడి ముఖం చూసి ఏం చెప్పను?" ఆవిడ వీధితలుపు గడియ వైపు చూసింది. "కొడుకుని కాదని ఒకసారి చేశా. రెండోసారి చేసే ధైర్యం నాకు లేదమ్మాయ్. ఇవాళ దానికి శుక్రవారం సంగతి చెప్పి రావడమే ఎలాగో తెలీక, నిన్ను కూచోబెట్టి గడి కుట్టించా. కాలు నిలవంది నీ ఒక్కదానికే అనుకున్నావా?"

అప్పుడే తలుపు చప్పుడైంది. మెల్లగా, మూడుసార్లు.

"అమ్మా, పట్టపగలు గడియ ఏంటి?"

బావగారు.

అత్తయ్య కళ్ళు తుడుచుకుని లేచేసరికి నేను గడియ తీశాను. ఇస్త్రీ చొక్కా, చేతిలో చిన్న బ్యాగు, ముఖాన నవ్వు. ఎప్పుడూ గొంతు పెంచని మనిషి. అందుకే ఇన్నాళ్ళూ నాకు మంచివాడిలాగే కనబడ్డాడు.

"శుక్రవారం సెలవు దొరకలేదమ్మా. ఇవాళే తీసుకెళ్ళిపోతా. ఐదింటి బండికి టిక్కెట్లు తీశా." నావైపు తిరిగి, "ఏమ్మా, బట్టలు సర్దావా?" అన్నాడు.

మాటలకి గుండీ లేచింది. తండ్రిని చూసి బొంతని గడ్డందాకా లాక్కుంది. పరిగెత్తుకెళ్ళలేదు.

"ఆ బొంత మడిచి ఇవ్వండి. అది లేకపోతే దారంతా రాగం తీస్తుంది," అన్నాడు.

గడియారం మూడున్నర దాటింది. షెడ్డుకి నడిచి వెళ్తే పది నిమిషాలు. నేను అత్తయ్య వైపు చూశాను. ఆవిడ నావైపు చూడలేదు.

"బొంతకి ఒక గడి తక్కువుంది. మొండి వరసతో పంపను," అంది. "ఎనిమిది ముక్కలు కోసే ఉన్నాయి. ఇంకోటి కోసి, కుట్టి, అతికేస్తా. అరగంట. కూచో."

ఆయన వాచీ చూసుకుని, స్టూలు లాక్కుని, సరిగ్గా బల్లకి ఎదురుగా కూర్చున్నాడు. "కుట్టు. చూస్తా," అన్నాడు నవ్వుతూ. కాలు మాత్రం ఆడిస్తూనే ఉన్నాడు.

అత్తయ్య గొడుగుల గుడ్డ తీసింది. మిగిలింది అరచేతి కంటే కాస్త పెద్ద ముక్క. ఒక్క నాలుగంగుళాల చదరం వస్తుంది, ఇంకోదానికి గుడ్డ లేదు. టేపు పరిచింది. కొస అంచుకి పెట్టింది. నేను పక్కనే నిలబడి ఉన్నాను కాబట్టి ఆవిడ బొటనవేలు ఎక్కడ ఆగిందో చూశాను.

ఐదు దగ్గర ఆగలేదు. నాలుగు దగ్గర ఆగింది.

అత్తయ్యా అనబోయి నాలిక కరుచుకున్నాను. ముప్పై ఏళ్ళలో ఒక్క ముక్క తప్పు కోయని చెయ్యి అది. కత్తెర నిదానంగా, వణక్కుండా, గొడుగుల మధ్యనుంచి వెళ్ళిపోయింది.

"అయ్యో!" అంది అత్తయ్య. "పొట్టిదైపోయింది. ఈ గుడ్డ ఇంక లేదు. అమ్మాయ్, బజారుకెళ్ళి దీనికి కలిసే ముక్క పట్రా. గుండీల కొట్లో ఉంటాయి. గుండీని కూడా తీసుకెళ్ళు."

"పిల్లెందుకు?" అన్నాడు బావగారు.

"రంగు దానికి నచ్చాలి. నచ్చకపోతే రైల్లో కప్పుకోదు. అప్పుడు రాత్రంతా భుజాన వేసుకుని నువ్వే తిరుగుదువుగాని."

ఆయన మళ్ళీ వాచీ చూసుకున్నాడు. నేను గుండీ చెయ్యి పట్టుకున్నాను. అది బొంతని వదల్లేదు. "బొంత కూడా, పిన్నీ," అంది, పెదవి వంకరపెట్టి.

"బొంత ఇక్కడే ఉండాలమ్మా. గడి అతకాలి కదా," అంది అత్తయ్య. వంగి ఆ చిన్న వేళ్ళని ఒక్కొక్కటీ విప్పింది. బల్లమీదున్న నా ఎనిమిదంగుళాల గడిని ఆ చేతిలో పెట్టి, వేళ్ళు మూసింది. పిల్ల నుదుటి మీద జుట్టు సవరించింది. ఒకసారి సవరించి, చెదరకపోయినా మళ్ళీ సవరించింది. "నానమ్మ ఇక్కడే ఉంటుంది. పో," అంది.

ఆ 'పో' అన్న మాట ఆవిడ ఇంకొకరితో ఎలా అందో నాకు అప్పుడు తెలిసింది.

గుమ్మం దాటాం. నాలుగు మెట్లు. వెనక్కి చూడకూడదనుకుంటూనే రెండు దిగాను. గుండీ గడిని చెంపకి ఆనించుకుని, "పిన్నీ, ఇది చిన్నదే," అంటోంది. లోపల స్టూలు జరిగిన చప్పుడు. తర్వాత బావగారి గొంతు, ఎప్పట్లాగే మెత్తగా:

"నువ్వు తప్పు కోయడం నేనెప్పుడూ చూళ్ళేదమ్మా. ఏదీ, ఆ టేపు ఇలా ఇవ్వు."